పెద్దల బైబిలు తరగతి నాకు అప్పగించారు. అది రెండో ప్రసంగం కాకుండా నడపడం ఎలా?

కూర్మన్నపాలెం ఫిట్టరు

అందరికీ వందనాలు. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

నాకు 47 ఏళ్ళు. విశాఖ ఉక్కు కర్మాగారంలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో ఫిట్టరును. మా సంఘం గాజువాక వైపు ఉంది, పేరు ఎందుకులెండి. జూన్ నెలలో మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, పిలిచి, ఆదివారం ఉదయం పెద్దల బైబిలు తరగతి ఇకమీదట నువ్వే చూసుకోవాలి అన్నారు. నేను రెండేళ్ళ పాటు తపాలా పాఠాలు చదివి వేదాంతంలో ఒక సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను, అదీ కారణం. అది వచ్చిన రోజు మా ఆవిడ మురిసిపోయి పటం కట్టించింది. ఇప్పుడు ఆ పటం కేసి చూస్తేనే గుండె దడగా ఉంటోంది.

తరగతి ఉదయం 7.45కు మొదలవుతుంది. 9.15కు ముగించాలి, ఎందుకంటే 9.30కు ఆరాధన. గుడి వెనక సండే స్కూలు గదిలో కూర్చుంటాం. అక్కడ ఉన్నవి పిల్లల కుర్చీలే. షిప్‌యార్డులో వెల్డరుగా రిటైరైన ఒక పెద్దాయన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆ భంగిమలోనే వాదిస్తారు. మొత్తం పద్నాలుగు మందిమి. శనివారం నాకు రాత్రి పని, అంటే ‘సీ’ షిఫ్ట్, పడితే ఉదయం ఆరింటికి గేటు దాటి, ఇంటికి వెళ్ళి నాలుగు చెంబులు పోసుకుని, నిద్ర కళ్ళతోనే అక్కడికి చేరతాను.

నాకు ముందు ఈ తరగతి నడిపిన పెద్దలు ఒక వచనం తీసుకుని గంటంబావు మాట్లాడేవారు. మధ్య మధ్య అందరూ ఆమెన్ అనేవారు. ఆ వెంటనే ఆరాధనలో అయ్యగారి ప్రసంగం ఇంకో గంట. నేనూ మొదటి మూడు వారాలు అదే దారిలో నడిచాను. నాలుగో వారం ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసింది. ఏమి అడిగినా మూడే జవాబులు: ప్రార్థన చెయ్యాలి, విశ్వాసం ఉండాలి, అంతా దేవుని చిత్తం. ఏ ప్రశ్నకైనా ఈ మూడిట్లో ఒకటి అతికిపోతుంది. నలభై ఏళ్ళుగా వాక్యం వింటున్న మనుషులు వాళ్ళు. నేను నోరు విప్పేలోగానే జవాబు సిద్ధం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గేరుబాక్సు విప్పే ముందు డ్రాయింగు పరిచి నలుగురం చుట్టూ నిలబడతాం. ఏ బోల్టు దేన్ని పట్టుకుని ఉందో తెలిశాకే స్పానరు వేస్తాం. తరగతిలో మాత్రం వచనాలను బోల్టుల్లా ఊడదీసి జేబులో వేసుకుని ఇంటికి పోతున్నామనిపించింది. అందుకని కొత్త నిబంధనలోని యాకోబు పత్రికను, అంటే ఆయన రాసిన ఉత్తరాన్ని, మొదటి నుంచీ వరుసగా చదువుదాం అన్నాను. ఐదే అధ్యాయాలు, తేలిగ్గా అయిపోతుంది అనుకున్నాను.

రెండో అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది. మనిషి విశ్వాసం మూలంగా మాత్రమే కాక క్రియల మూలంగా కూడా నీతిమంతుడని ఎంచబడతాడనే 24వ వచనం చదవగానే, బి.ఇడి. చదువుతున్న ఒక అమ్మాయి పౌలు రాసిన రోమా పత్రిక 3:28 తీసి గట్టిగా చదివింది. అక్కడ పౌలు ధర్మశాస్త్ర క్రియలు లేకుండానే అంటున్నాడు. ‘ఇందులో ఏది సరైనది అన్నా?’ అని నన్ను అడిగింది. నేను నీళ్ళు నములుతుండగా వెల్డరు గారు అందుకున్నారు: ‘అంటే క్రియలు అక్కర్లేదంటావా? ఆదివారం వచ్చి కూర్చుని సోమవారం ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చా?’ ఆ అమ్మాయి, ‘నేను అలా అనలేదు మావయ్యా, పుస్తకంలో ఉన్నది చదివాను’ అంది. గొంతులు లేచాయి. ఎవరో వెనక నుంచి, ‘దేవుని మందిరంలో వాదాలేమిటి, ఇదంతా సాతాను పని’ అన్నారు. అందరూ నా వైపు చూశారు.

‘రెండూ నిజమే. ప్రార్థనతో ముగిద్దాం’ అన్నాను.

అప్పుడు టైము 8.40. ఇంకా 35 నిమిషాలున్నాయి. కళ్ళు మూసుకుని ఏవో మాటలు చెప్పాను గానీ అది ప్రార్థన కాదు, పారిపోవడం. ఆ అమ్మాయి తరువాతి వారం రాలేదు.

నేను అడగదలచుకున్నది ఇది. ఇలాంటి చోట ఏమి చెయ్యాలి? సిద్ధాంతం విడిగా ఒక పాఠంలా చెప్పాలా, లేక చదువుతున్నప్పుడు వచ్చినట్టే రానివ్వాలా? ఇంకొక చిన్న సంగతి. మేము తలా ఒక వచనం చొప్పున వరుసగా చదువుతాం. చేపలు అమ్ముకునే ఒక మామ్మగారు వారం వారం కళ్ళజోడు మరిచిపోయి వస్తారు. ఆమె వంతు వచ్చేసరికి చదువు ఆగిపోతుంది, పక్కవాళ్ళు సణుగుతారు. విచిత్రమేమిటంటే కళ్ళజోడు డబ్బా సంచిలో కనిపిస్తూనే ఉంటుంది. శనివారం రాత్రి ఫోను చేసి గుర్తుచెయ్యమంటారా?


సీతమ్మధార టీచరు

తమ్ముడూ, ముందు మీ చివరి ప్రశ్న. ఫోను చెయ్యకండి. ఆమె కళ్ళజోడు మరిచిపోవడం లేదు. ఆమెకు చదవడం రాదు.

ముప్పయి మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, పందొమ్మిదేళ్ళుగా మా సంఘంలో బుధవారం స్త్రీల తరగతి నడుపుతున్నాను. ఈ కళ్ళజోడు నాకు బాగా తెలుసు. తలనొప్పి, కంట్లో నలక, ‘ఆ అమ్మాయి చక్కగా చదువుతుంది, ఆమెను చదవనివ్వండి’ కూడా తెలుసు. మీరు గుండ్రంగా కూర్చోబెట్టి తలా ఒక వచనం చదివిస్తుంటే ఆమె తన వంతుకు ఇంకా ఎంత మంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. వాక్యం ఆమె చెవిన పడదు. ఆ వరుస చదువు రేపే మానెయ్యండి. బాగా చదివేవాళ్ళు ఒకరు అధ్యాయమంతా చదవాలి, లేదా ఫోనులో ఆడియో బైబిలు పెట్టండి. ఎందుకు మార్చారో చెప్పకండి. ఎవరినీ ప్రత్యేకంగా చూడకండి.

ఇంకో మాట. రోమా పత్రిక కూడా మొదట చదివించి వినిపించినదే. పౌలు చెబుతుంటే తెర్తియు రాశాడని 16వ అధ్యాయంలోనే ఉంది కదా. చదువురాని విశ్వాసులు వినే వాక్యమేదీ తక్కువ రకం కాదు.

ఇక మీ గొడవ సంగతి. మీరు 35 నిమిషాలు పారేసుకున్నారు. పందొమ్మిదేళ్ళలో నాకు అలాంటి గొడవ పట్టుమని పదిసార్లు దొరకలేదు. ఆ అమ్మాయి రెండు పత్రికలు పక్కపక్కన పెట్టింది, బైబిలు చదవడమంటే అదే. ముందు ఆమెకు ఫోను చెయ్యండి. వెల్డరు గారి కంటే ముందు ఆమెకు.

నేనైతే బోర్డు మీద రెండు వచనాలూ రాసి, వ్యాకరణం అడుగుతాను. నా వృత్తి రోగం అనుకోండి. మన తెలుగు బైబిలులో రోమా 3:28 చూడండి: ‘విశ్వాసమువలననే’. చివర ఉన్న ఆ ‘నే’ ఏమిటి? మేము బళ్ళో అవధారణార్థకం అని చెప్పేవాళ్ళం. ‘కాఫీ అమ్మ పెట్టింది’ అంటే ఒక కబురు. ‘కాఫీ అమ్మే పెట్టింది’ అంటే ఇంకెవరో పెట్టారన్న మాటకు జవాబు. ఏకారం ఉన్న చోట అవతల ఎవరో ఉన్నారన్నమాట. అయితే పౌలుకు అవతల ఉన్నది ఎవరు? అన్యులలో నుంచి, అంటే యూదులు కానివాళ్ళలో నుంచి, వచ్చిన విశ్వాసులు కూడా సున్నతి పొందాలి, మోషే ధర్మశాస్త్రం పాటించాలి అనేవాళ్ళు. యాకోబుకు అవతల ఎవరు? సహోదరుడు బట్టలు లేక, తిండి లేక వస్తే ‘సమాధానముగా వెళ్లుడి’, అంటే క్షేమంగా వెళ్ళిరండి, అని చెప్పి తలుపు వేసుకునేవాళ్ళు. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో తేలితే సగం వాదం చల్లారుతుంది. మిగిలిన సగం చల్లారదు, చల్లారాల్సిన పనీ లేదు.

ఒక హెచ్చరిక. సందర్భం చూపించడంలో కూడా మనిషిని దెబ్బ తీయవచ్చు. నేను తీశాను. ఒక ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా తరగతి సోదరి ఒకామెకు యిర్మీయా 29:11 వాగ్దానం కార్డు వచ్చింది. దేవుడు మీ విషయంలో చేసిన ఆలోచనలు సమాధానకరమైనవే, అంటే మీ క్షేమం కోసమే, అనే వచనం. కొడుకు ఉద్యోగం కోసం ఆమె దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంది. ఫిబ్రవరిలో తరగతిలో ఆ అధ్యాయం వచ్చింది. నేను మహా ఉత్సాహంగా, ఇది బబులోనుకు చెరపట్టుకుపోబడినవారికి రాసిన ఉత్తరం అనీ, పై వచనంలో డెబ్బై ఏళ్ళు అని ఉందనీ, అంటే విన్నవాళ్ళలో చాలామంది ఆ తిరిగిరావడం చూడనే లేదనీ విడమరిచి చెప్పాను. ఆమె నెమ్మదిగా, ‘అయితే ఇది నాది కాదా అమ్మా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు రాలేదు.

ఇప్పుడైతే అదే ఉత్తరాన్ని 5వ వచనం నుంచి మొదలుపెడతాను. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది అక్కడ. డెబ్బై ఏళ్ళు ఎదురుచూడాల్సినవాళ్ళకు ఆ మధ్యలో ఎలా బతకాలో చెప్పిన మాటలు. ఆమె తిరిగి వచ్చింది. ఆ కార్డు మాట నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.


జ్ఞానాపురం వాసి

ఫిట్టరు గారికి నమస్కారం. నేను కతోలికుడిని, పీటర్ గారి కథీడ్రల్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాను. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పెద్దవాళ్ళు జ్ఞానస్నానానికి సిద్ధపడే తరగతుల్లో ఉపదేశికి సాయంగా కూర్చుంటాను. నా బైబిలులో పుస్తకాలు 73, మీ బైబిలులో 66. అయినా మీ గొడవ రెండు బైబిళ్ళలోనూ ఉంది, కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

టీచరు గారు చెప్పినదాంట్లో ఒక్కదానితో నాకు పేచీ. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేలిస్తే చాలదు. సిద్ధాంతం విడిగా చెప్పాల్సిందే. లేకపోతే తరగతి ‘మీకేమనిపించింది, మీకేమనిపించింది’ అని తిరుగుతూ ఉంటుంది. అనిపించడానికి అంతు లేదు. ఉదాహరణకు త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడు అనడం. ఆ మాట బైబిలులో ఎక్కడా లేదు. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని 325లో నికేయ అనే పట్టణంలో సంఘ పెద్దలు కూర్చుని తేల్చుకున్నారు. ఆ తరువాత కూడా యాభై ఏళ్ళు కొట్టుకున్నారు. ఇది చెప్పకుండా యోహాను సువార్త మొదటి అధ్యాయాన్ని పద్నాలుగు మంది ముందు పెట్టి ‘చర్చించండి’ అంటే, కుమారుడు తండ్రి సృష్టించినవాడే అని వాదించి నికేయలో ఓడిపోయిన అరియస్ చెప్పిందే ఎవరో ఒకరు ఎనిమిది నిమిషాల్లో మళ్ళీ కనిపెడతారు. పాపం, తాను కొత్తగా కనిపెట్టాననుకుంటారు కూడా.

మీ వాదం మీద మావాళ్ళూ, ప్రొటెస్టెంట్లలో మార్టిన్ లూథర్ బాట పట్టిన లూథరన్లూ దాదాపు 480 ఏళ్ళు విడిపోయి ఉన్నారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో, నీతిమంతులుగా తీర్చబడటం అనే విషయం మీద లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. కృపవల్లనే దేవుడు మనల్ని స్వీకరిస్తాడు, ఆ కృపే మనల్ని సత్క్రియలకు నడిపిస్తుంది అని అందులోని సారం. మెథడిస్టులు 2006లో చేరారు. తేడాలన్నీ పోలేదు, పోయాయని ఆ పత్రమూ అనలేదు. మీ వెల్డరు గారికీ ఆ అమ్మాయికీ ఈ కబురు చెప్పండి. వాళ్ళ తగాదాకు ఎంత పెద్ద వంశవృక్షం ఉందో తెలిస్తే ఇద్దరికీ కాస్త గర్వంగా ఉంటుంది.


మధురవాడ

ఇన్ని పద్ధతులు ఎందుకో నాకు అర్థం కాదు. పేతురు ఏ సర్టిఫికెట్టు చదివాడు? పరిశుద్ధాత్మ బోధిస్తాడు, ప్రార్థించి చదివితే చాలు. ఈ తరగతుల వల్ల తల పెరుగుతుంది, మోకాళ్ళు అరగవు.


సీతమ్మధార టీచరు

మధురవాడ బాబూ, పేతురు మూడేళ్ళు తరగతిలోనే ఉన్నాడు. బోధకుడు ఎవరో నీకు తెలుసు. అపొస్తలుల కార్యములు 8లో రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుడు, ఎవరైనా దారి చూపకపోతే నాకెలా అర్థమవుతుంది అన్నాడు. ఫిలిప్పును ఆ రథం దగ్గరికి పంపింది ఆత్మే. మోకాళ్ళ మాట నిజమే. నావి రెండూ అరిగిపోయాయి, డాక్టరు మాత్రం మెట్ల వల్ల అంటున్నాడు.


పాత పోస్టాఫీసు

ఆ ‘నే’ గురించి కాస్త జాగ్రత్త అని చెప్పడానికి వచ్చాను. గ్రీకులో ఆ వచనంలో ‘మాత్రమే’ అనే మాట విడిగా లేదు. లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మనుకు మార్చినప్పుడు అక్కడ ‘మాత్రమే’ చేర్చాడు. ఎందుకు చేర్చావని అందరూ మీదపడితే, 1530లో ఒక బహిరంగ లేఖ రాసి, జర్మను మాట్లాడే మనిషి అలాగే అంటాడు, భావం అదే అని సమర్థించుకున్నాడు. మన తెలుగులో ఆ పని ఒక్క ఏకారం చేసింది. ‘క్రియలు లేకుండ’ అని ముందే ఉంది కాబట్టి ఆ ఏకారం అన్యాయమేమీ కాదు. కానీ ఏకారం మీద సిద్ధాంతం కట్టకండి, కింద పునాది గ్రీకులో చూసుకోండి. ఇంకో తమాషా. ‘విశ్వాసం మాత్రమే’ అనే మాటలు గ్రీకు కొత్త నిబంధనలో కలిసి కనిపించేది ఒక్కచోటే. అది యాకోబు 2:24. ముందు ‘కాదు’ అని ఉంటుంది.

మన ఊరి సంగతి ఒకటి చెప్పి వెళతాను, తరగతిలో పనికొస్తుంది. తెలుగులో అచ్చయిన తొలి సువార్తల పని మొదలైంది విశాఖపట్నంలోనే. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడ దిగారు. తెలుగు నేర్చుకుంటూనే అనువాదం మొదలుపెట్టారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళకు తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు. తరువాత అదే సొసైటీకి చెందిన ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నది అది కాదు, తరువాతి తరాలు మళ్ళీ మళ్ళీ చేసినది. కానీ ‘ఈ మాటకు తెలుగులో ఏమంటారు?’ అని ఒకాయన అడగడం, ఇంకొకాయన తల గీరుకోవడం మన సముద్రం ఒడ్డునే మొదలైంది. రాస్ హిల్ వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ ముగ్గురూ గుర్తొస్తారు. ఆ కొండకు ఆ పేరు వచ్చింది మాత్రం చాలా తరువాత, వీళ్ళకూ దానికీ సంబంధం లేదు.


కూర్మన్నపాలెం ఫిట్టరు

అందరికీ మళ్ళీ వందనాలు. మూడు ఆదివారాలు గడిచాయి, ఏమయిందో చెప్పాలి కదా.

ముందు ఆ అమ్మాయికి ఫోను చేశాను. ‘తప్పు నాది, నీ ప్రశ్నకు జవాబు తెలియక ప్రార్థన చేశాను’ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘నాకు తెలుసన్నా’ అంది. వచ్చింది.

వరుస చదువు మానేశాం. కారణం చెప్పలేదు. ఫోనును చిన్న స్పీకరుకు తగిలించి అధ్యాయం వినిపిస్తున్నాను. మొదటి రోజు ఆడియో మొదలవగానే మామ్మగారు సంచిలోంచి డబ్బా తీసి, కళ్ళజోడు పైటతో తుడుచుకుని పెట్టుకున్నారు. వినడానికి. టీచరు గారూ, నేను బోర్డు వైపు తిరిగి కాసేపు ఏదో రాస్తున్నట్టు నిలబడ్డాను.

మొదటి వారం ‘నే’ చెప్పాను. అమ్మే కాఫీ పెట్టింది అనే ఉదాహరణ బాగా పండింది, మరీ ఎక్కువ పండింది. వెల్డరు గారు ఇప్పుడు ప్రతి వచనంలోనూ ఏకారాలు ఏరుతున్నారు. ఆగ్స్‌బర్గ్ కబురు కూడా చెప్పాను. ‘సంతకం పెట్టడానికి అంత కాలమా, మా పింఛను కాగితం కంటే నయం’ అన్నారాయన. నికేయ జోలికి ఇంకా పోలేదు. నాకే ముందు అర్థం కావాలి. జ్ఞానాపురం అన్నగారు ఒకసారి వస్తారేమో అయ్యగారిని అడగాలని ఉంది, ఏమంటారో తెలియదు.

మూడో వారం సంగతి చెప్పాలి. పౌలూ యాకోబూ ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తున్నారు కదా, అయితే అబ్రాహాము దగ్గరికే పోదాం అనుకున్నాం. ఆదికాండము 15, 22 అధ్యాయాలు విన్నాం. 15లో నక్షత్రాలు లెక్కపెట్టమన్న రాత్రి, నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. 22లో దేవుడు బలి ఇమ్మన్న కొడుకు ఇస్సాకును మోరీయా దేశంలోని కొండకు తీసుకుపోవడం. నేను మా డ్రాయింగు అలవాటుతో బోర్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి వయసులు గుర్తుపెట్టాను. ఇల్లు విడిచినప్పుడు 75. మొదటి కొడుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు 86. సున్నతి పొందినప్పుడు 99. ఇస్సాకు పుట్టినప్పుడు 100. నక్షత్రాల రాత్రి 86 కంటే ముందు. కొండ ఎక్కింది ఇస్సాకు కట్టెలు మోయగలిగిన వయసు వచ్చాక, అంటే 100 దాటి ఇంకా చాలా ఏళ్ళకు.

అందరూ గీత వైపు చూస్తున్నారు. నేను ఏదో వివరించబోతుంటే మామ్మగారు, ‘అయితే ఇద్దరూ ఒకే మనిషి సంగతి చెబుతున్నారు బాబూ, వేరు వేరు వయసుల్లో’ అన్నారు. ఈ తరగతిలో ఆమె నోరు విప్పడం నేను వినడం అదే మొదలు. పౌలు సున్నతికి ముందా తరువాతా అని అడిగింది కూడా ఈ గీత మీదే కదా అని ఆ అమ్మాయి రోమా 4:10 తీసింది. వెల్డరు గారు ఒప్పుకోలేదు. నమ్మిన రోజు నీతిమంతుడైపోతే కొండ ఎక్కడం దేనికి అన్నారు. ఈసారి గొంతులు లేచినా ఎవరూ నా వైపు చూడలేదు, బోర్డు వైపే చూశారు.

ఆ సందడిలో మామ్మగారు మళ్ళీ ఒక ప్రశ్న వేశారు. ‘తెల్లవారుజామున లేచి గాడిదకు గంత కట్టి కొడుకును తీసుకుపోయాడు గదా. శారమ్మకు చెప్పి వెళ్ళాడా?’

గది నిశ్శబ్దమైపోయింది. 22వ అధ్యాయం మళ్ళీ వినిపించాను. అబ్రాహాము భార్య శారా పేరు అందులో లేదు. అమ్మాయి గబగబా పేజీ తిప్పి, 23 మొదలే శారా చనిపోవడంతో అంది. 127 ఏళ్ళు. తొంభై ఏట కన్నది కాబట్టి ఇస్సాకుకు అప్పటికి 37. ఇంకొకటి ఆమే చూసింది. కొండ దిగి అబ్రాహాము వెళ్ళింది బెయేర్షెబాకు. శారా చనిపోయింది హెబ్రోనులో. అతను ఆమె కోసం ఏడవడానికి అక్కడికి వచ్చాడని ఉంది. ‘అంటే ఆ తరువాత ఇద్దరూ ఒకచోట లేరా?’ అని మామ్మగారు అడిగారు. నేను తెలియదన్నాను. నిజంగానే తెలియదు. వెల్డరు గారు మొదటిసారి ఏమీ అనలేదు, కుర్చీలోంచి లేచి మోకాళ్ళు సాగదీసుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్ళి గీత చివర 127 అని రాశారు. అది శారా వయసు, గీత అబ్రాహాముది, అక్కడ 137 ఉండాలి అని అమ్మాయి దిద్దింది.

ఇంతలో ఆరాధన గంట కొట్టారు. 9.30 అయిపోయింది. ముగింపు ప్రార్థన చెయ్యకుండానే అందరం గుడిలోకి పరిగెత్తాం.

23వ అధ్యాయం చదువుకుని రమ్మని చెప్పాను, చదవలేనివాళ్ళకు ఆడియో ఫోనుకు పంపుతానన్నాను. ఏడుగురు అడిగారు. ఒక్కరే ఉంటారనుకున్నాను నేను. వచ్చే ఆదివారం నాకు పొద్దుటి ‘ఏ’ షిఫ్ట్ పడింది, ఎవరితోనైనా మార్చుకోవాలి.